తాళాల వంశవృక్షం – 7: కోహినూరుకు పంజరం కట్టిన పేరు

1851 మే 1న లండన్ హైడ్ పార్కులో క్రిస్టల్ ప్యాలెస్ తలుపులు తెరుచుకున్నాయి. ఇనుమూ అద్దాలతో కట్టిన ఆ మహామందిరంలో జనం విరగబడి చూసినవాటిలో కోహినూరు వజ్రం ఒకటి. మన పల్నాడులో కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే రాయి అది. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. ఎందరి చేతులో మారిన ఆ వజ్రాన్ని 1849లో పంజాబు బాలరాజు దులీప్ సింగ్ నుంచి ఈస్టిండియా కంపెనీ లాక్కుంది. మరుసటి ఏడాది విక్టోరియా రాణికి సమర్పించింది. తీరా చూసినవాళ్లు చాలామంది పెదవి విరిచారు, అనుకున్నంత మెరవడం లేదని. 1852లో దాన్ని మళ్లీ సానపట్టించి 186 క్యారెట్ల నుంచి 105 క్యారెట్లకు తగ్గించేశారు.

ఈ భాగంలో మనం చూడాల్సింది వజ్రం చుట్టూ ఉన్న పంజరాన్ని. బంగారు పూత పూసిన ఆ కటకటాలు ఒక ఇనప్పెట్టె మీద నిలబడి ఉండేవి. ప్రదర్శన ముగిశాక వజ్రం ఆ పెట్టెలోకి దిగిపోయేది. దాన్ని తయారుచేసింది చబ్ కంపెనీ. ఇంగ్లండులో ఆ రోజుల్లో తాళం అంటే చబ్, చబ్ అంటే తాళం. ఈ పేరు వెంట రెండు వందల ఏళ్లు నడిచి వస్తే, భద్రత అమ్ముకునే కంపెనీలు ఎందుకు చేతులు మారతాయో, కొన్నవాళ్లు నిజానికి దేన్ని కొంటారో, తలుపు వెనక నిద్రపోయేవాడికి ఆ బేరంలో ఎంత చోటు దక్కుతుందో అర్థమవుతుంది.

కథ మొదలైంది పోర్ట్స్‌మత్ రేవులో. 1817లో అక్కడి నౌకానిర్మాణ కేంద్రంలో మారుతాళాలతో దొంగలు పడ్డారు. సొంత తాళంచెవితో తప్ప మరి దేనితోనూ తెరుచుకోని తాళం చేసినవాడికి 100 పౌండ్లు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఊళ్లోనే ఓడలకు ఇనుప సామాను అమ్ముకునే చబ్ సోదరులు ఉన్నారు, చార్లెస్, జెరెమయా. 1818లో జెరెమయా చేసిన తాళానికి పేటెంటూ బహుమానమూ రెండూ దక్కాయి.

ఆ తాళం పనితీరు కాస్త వివరంగా చెప్పాలి. లోపల వరుసగా లివర్లు ఉంటాయి. ఒక్కో లివరూ సరిగ్గా ఒక్కో ఎత్తుకు లేస్తేనే గడియ కదులుతుంది. ఇంతవరకూ పాతదే. జెరెమయా కొత్తగా చేర్చింది ఒక స్ప్రింగు. దొంగ ఏ లివర్‌నైనా లేవాల్సినదానికంటే ఎక్కువ లేపితే ఈ స్ప్రింగు దాన్ని పట్టేసుకుంటుంది. తాళం బిగుసుకుపోతుంది. తర్వాత యజమాని వచ్చి సొంత తాళంచెవి పెట్టినా తెరుచుకోదు. దాంతో ఆయనకు తెలిసిపోతుంది, తాను లేనప్పుడు ఎవరో చెయ్యి పెట్టారని. మొదట్లో దాన్ని సరిచెయ్యడానికి వేరే తాళంచెవి ఉండేది. 1824లో చేసిన మార్పుతో అసలు తాళంచెవినే వెనక్కి తిప్పితే సరిపోయేది. దొంగను ఆపడం తాళాలకు ఎప్పటినుంచో తెలుసు. దొంగ వచ్చి వెళ్లాడని యజమానికి చెప్పే గుణం ఈ తాళానికి పెద్ద పేరు తెచ్చింది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు కూడా అదే: డిటెక్టర్ తాళం. ఈ గుణాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

పోర్ట్స్‌మత్ రేవులో లంగరు వేసిన జైలు ఓడల్లో వృత్తిరీత్యా తాళాలు చేసే ఖైదీ ఒకడున్నాడు. ఈ తాళం తీస్తే విడుదల చేస్తామని ప్రభుత్వం, 100 పౌండ్లు ఇస్తానని జెరెమయా మాట ఇచ్చారు. రెండు మూడు నెలలు తంటాలు పడి, నావల్ల కాదన్నాడు. చబ్‌కు ఇంతకంటే మంచి ప్రకటన ఏముంటుంది? 1820లో వ్యాపారం వుల్వర్‌హాంప్టన్‌కు మారింది. తాళాల పనివాళ్లకు పెట్టింది పేరైన ఊరది. తపాలా శాఖకూ జైళ్లకూ చబ్ తాళాలే వెళ్లేవి. 1835లో ఇనప్పెట్టెకు పేటెంటు తీసుకున్నారు. అలా తలుపు నుంచి పెట్టెకు, పెట్టె నుంచి కోహినూరు పంజరానికి వచ్చారు.

అదే ప్రదర్శనకు అమెరికా నుంచి ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ వచ్చాడు. న్యూయార్క్‌లోని డే అండ్ న్యూవెల్ అనే తాళాల కంపెనీ మనిషి. సొంత సరుకును పొగుడుకునే బదులు ఎదుటివాడి తాళం తీసి చూపించడం అతని అమ్మకపు పద్ధతి. 1851 జులైలో పెద్దమనుషుల ఎదుట, వెస్ట్‌మినిస్టర్‌లోని ఒక ఇంట్లో విలువైన పత్రాలు దాచే గది ఇనుప తలుపుకున్న చబ్ డిటెక్టర్ తాళాన్ని 25 నిమిషాల్లో తెరిచాడు. మళ్లీ 7 నిమిషాల్లో వేసేశాడు. ఏ లివర్ ఎక్కువ లేచిందో డిటెక్టరే చెబుతుంది గనక, అదే అతనికి దారి చూపిందని తర్వాతివాళ్లు వివరించారు. కాపలా పెట్టిన స్ప్రింగే గుట్టు చెప్పేసింది.

అక్కడితో ఆగలేదు. పికడిలీ వీధిలో బ్రామా కంపెనీ కిటికీలో దశాబ్దాలుగా ఒక తాళం వేలాడుతోంది, తీసినవాడికి 200 గినీలని రాసి మరీ. హాబ్స్ 16 రోజుల్లో మొత్తం 51 గంటలు దానితో కుస్తీ పట్టి తెరిచాడు. లండన్ కలవరపడింది. బ్యాంకులూ నగల వ్యాపారులూ ధనికుల ఇళ్లూ నమ్ముకున్న రెండు పేర్లు ఒకే వేసవిలో కూలిపోయాయి.

పత్రికల్లో పెద్ద వాదం లేచింది. తాళాల లోపాలు ఇలా బాహాటంగా చెబితే దొంగలకు పాఠం చెప్పినట్టు కాదా అని కొందరన్నారు. హాబ్స్ 1853లో అచ్చయిన పుస్తకంలో దీనికి జవాబు చెప్పాడు. దొంగకు ఆ సంగతులు ముందే తెలుసు, దాచిపెడితే నష్టపోయేది తాళం కొన్న నిజాయితీపరుడేనన్నది అతని వాదన. నా ఉద్దేశంలో భద్రతా వ్యాపార చరిత్ర మొత్తంలో ఇంతకంటే విలువైన మాట మరొకటి రాలేదు. ఇంకో సంగతి. హాబ్స్ గొప్పగా చెప్పుకున్న న్యూవెల్ తాళాన్ని కొన్నేళ్లకే అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ తెరిచేశాడు. ఇవాళ మన ఇళ్ల తలుపుల్లో సన్నటి పళ్ల తాళంచెవితో తిరిగే సిలిండర్ తాళం ఆ యేల్‌దే.

చబ్ వాళ్లు తాళాన్ని మెరుగుపరుచుకుని నిలబడ్డారు. హాబ్స్ లండన్‌లోనే కంపెనీ పెట్టి, దాన్ని అక్కడే వదిలి 1860లో అమెరికాకు తిరిగి వెళ్లిపోయాడు. హాబ్స్ హార్ట్ అనే ఆ కంపెనీ దాదాపు వందేళ్లు చబ్‌కు పోటీగా నడిచింది. 1956 నాటికి చబ్ దాన్ని కొనేసింది. పరువు తీసినవాడి కంపెనీ శతాబ్దం తర్వాత సొంత ఖాతాలో చేరింది.

ఇరవయ్యో శతాబ్దం నడుమ చబ్ కొనుగోళ్లు వేగం పుంజుకున్నాయి. 1965లో విల్లెన్‌హాల్ పట్టణంలోని జోసయా పార్క్స్ వచ్చి చేరింది, యూనియన్ తాళాలు చేసే కంపెనీ. దొంగల అలారాలు చేసే సంస్థ వచ్చింది. 1967లో అగ్నిమాపక పరికరాల పైరీన్ వచ్చింది. తాళం, ఇనప్పెట్టె, అలారం, మంటలార్పే సిలిండరు, అన్నీ ఒకే పేరు కింద. బ్యాంకు మేనేజరు ఒక్క కంపెనీని పిలిస్తే చాలు, అన్ని భయాలకూ మందు దొరికేది.

అదే 1967లో చబ్ ఇంకో అడుగు వేసింది. స్మిత్స్ ఇండస్ట్రీస్‌తో కలిసి వెస్ట్‌మినిస్టర్ బ్యాంకు కోసం గోడలోంచి నగదు ఇచ్చే యంత్రం చేసింది. కార్డు పెట్టి రహస్య సంఖ్య నొక్కితే నోట్లు వచ్చేవి. ఆ పద్ధతికి 1966 మేలో పేటెంటు దరఖాస్తు పెట్టింది స్మిత్స్ ఇంజనీరు జేమ్స్ గుడ్‌ఫెలో. ఇవాళ ఏటీఎం ముందు మనం నొక్కే రహస్య సంఖ్యకు మూలం అక్కడుంది. నోట్లకు కాపలా కాసే ఇనప్పెట్టె చెయ్యడం చబ్‌కు వెన్నతో పెట్టిన విద్య. ఆ పెట్టెను తెరిచే హక్కు ఎవరిదో తేల్చేది మాత్రం ఇప్పుడు ఎలక్ట్రానిక్ సర్క్యూటు. తాళంచెవి ఇనుమును వదిలి సంఖ్యగా మారింది. లివర్లు అరగదీసే పనివాడి చేతిలోని విద్యకు విలువ తగ్గడం, సర్క్యూటు గీసే ఇంజనీరుకు విలువ పెరగడం అప్పుడే మొదలయింది.

చబ్ దగ్గర ఆ రెండో విద్య తగినంత లేదు. క్యాష్ రిజిస్టర్ల తయారీలోకి దిగి దెబ్బ తిన్నది. 1984లో రకాల్ ఎలక్ట్రానిక్స్ వచ్చి సుమారు 18 కోట్ల పౌండ్లకు చబ్‌ను కొనేసింది. రకాల్ సైన్యాలకు రేడియోలు చేసే కంపెనీ. 1985 జనవరి 1న బ్రిటన్‌లో వోడాఫోన్ మొబైల్ సేవ మొదలుపెట్టింది కూడా ఆ సంస్థే. అంటే 1818 నాటి తాళమూ మన చేతిలోని మొబైల్ ఫోనూ కొన్నేళ్లు ఒకే గొడుగు కింద ఉన్నాయి. ఆ కాపురం నిలవలేదు. 1991లో వోడాఫోన్, 1992లో చబ్ విడిపోయాయి.

తర్వాతి ఘట్టం డెర్బీ పట్టణానికి చెందిన విలియమ్స్ హోల్డింగ్స్‌ది. నైజెల్ రడ్ నడిపిన ఈ సంస్థ పని కంపెనీలు కొనడం, సరిచెయ్యడం, అమ్మడం. దాని చేతిలో అప్పటికే యేల్ ఉంది, అగ్నిమాపక సంస్థ కిడ్డే ఉంది. 1997లో 130 కోట్ల పౌండ్లు పెట్టి చబ్‌నూ కొన్నది. 1851 నాటి తగాదాతో ముడిపడ్డ పాత్రల వారసులు, చబ్, హాబ్స్, యేల్, ఒకే యజమాని కిందికి వచ్చారు. తాళాల చరిత్ర చదివేవాడికి ఒళ్లు పులకరించే క్షణం ఇది. షేర్ మార్కెట్ అలా చూడలేదు. ఇన్ని రకాల వ్యాపారాలు ఒకచోట ఉంటే దేని లాభమెంతో తెలియదు, విడగొడితే విలువ పెరుగుతుందన్నది ఆనాటి లెక్క.

2000లో విడగొట్టారు, ఉమ్మడి కుటుంబంలో ఆస్తి పంపకాల్లాగా. తాళాల వ్యాపారం, అంటే యేల్, చబ్ తాళాలు, యూనియన్, 82.5 కోట్ల పౌండ్లకు స్వీడన్‌కు చెందిన అస్సా అబ్లాయ్‌కి వెళ్లింది. ఇనప్పెట్టెలు స్వీడన్‌దే అయిన గన్నెబోకు వెళ్లాయి. మిగిలినవి కిడ్డే, చబ్ అనే రెండు కంపెనీలయ్యాయి. ఆ చబ్‌కు మిగిలింది అలారాలు బిగించడం, వాటిని దూరం నుంచి రాత్రింబవళ్లు గమనించడం, అగ్నిమాపక పరికరాలు తనిఖీ చెయ్యడం. పేరు తెచ్చిన తాళం లేదు, కోహినూరును దాచిన ఇనప్పెట్టె లేదు. చబ్ పేరుతో వస్తున్న తాళాలు కూడా తర్వాతి కాలంలో చాలావరకు యూనియన్ పేరుకు మారాయి.

పంచుకున్న తీరులో ఒక తర్కం ఉంది. తాళం ఒకసారి అమ్మితే ఇరవై ఏళ్లు ఆ ఇంటివాడు మళ్లీ దుకాణం వైపు రాడు. ఇనప్పెట్టె అయితే తాత కొన్నది మనవడు వాడతాడు. అలారం అలా కాదు. బిగించిన రోజు వచ్చే డబ్బు కొంచెమే. నెలనెలా పర్యవేక్షణ రుసుము, ఏటా తనిఖీ రుసుము వస్తూనే ఉంటాయి. భద్రతా కంపెనీని కొనేవాడు ముందు చూసేది ఆ ఒప్పందాల కట్టనే. ఎన్ని ఇళ్లు, ఎన్ని దుకాణాలు, ఏటా ఎందరు మానేస్తున్నారు. ధర అక్కడ నిర్ణయమవుతుంది. అందుకే ఆ తర్వాత చబ్ పేరు వెనక ఉన్నది వస్తువు తక్కువ, నమ్మకం ఎక్కువ. 2003లో అమెరికాకు చెందిన యునైటెడ్ టెక్నాలజీస్ 62.2 కోట్ల పౌండ్లకు ఆ చబ్‌ను కొన్నది. విమాన ఇంజన్లూ ఓటిస్ లిఫ్టులూ కారియర్ ఏసీలూ చేసే సంస్థ అది. 2005లో కిడ్డేనీ తెచ్చుకుంది. విడిపోయిన ఇద్దరూ అయిదేళ్లకు మళ్లీ ఒకే ఇంట్లో. 2020లో కారియర్ విడివడ్డప్పుడు చబ్ దానితో వెళ్లింది. 2022 జనవరిలో కారియర్ దాన్ని అమెరికాలోనే ఉన్న ఏపీఐ గ్రూపుకు 310 కోట్ల డాలర్లకు అమ్మేసింది. వుల్వర్‌హాంప్టన్ రైల్వే స్టేషన్ దగ్గర 1899 నాటి చబ్ భవనం ఇంకా ఉంది. అందులో తాళాలు తయారు కావు.

ఇంతలో తాళాలు కొన్న అస్సా అబ్లాయ్ సంగతి. 1994లో స్వీడన్ అస్సా, ఫిన్లాండ్ అబ్లాయ్ కలిస్తే పుట్టిన కంపెనీ ఇది. అబ్లాయ్ తాళానికి ఆద్యుడు ఎమిల్ హెన్రిక్సన్. 1907లో హెల్సింకీలో, క్యాష్ రిజిస్టరు లోపలి చక్రాలు చూసి, గుండ్రటి బిళ్లలతో తిరిగే తాళం చేశాడు. కార్ల్-హెన్రిక్ స్వాన్‌బర్గ్ నాయకత్వంలో అస్సా అబ్లాయ్ దేశదేశాల తాళాల కంపెనీలను ఒక్కొక్కటిగా కొంటూ పోయింది. ఏ దేశపు పేరు ఆ దేశంలో ఉంచేసేది. ఇంగ్లండులో యేల్, ఫిన్లాండులో అబ్లాయ్. తాళం విషయంలో జనానికి తాతల నాటి పేరు మీదే గురి అని వాళ్లకు తెలుసు. 2000 చివర్లో హెచ్ఐడీనీ కొన్నారు. మన ఐటీ ఆఫీసుల్లో మెడలో వేసుకునే కార్డు గోడ మీది డబ్బాకు చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది కదా, ఆ కార్డుల్లో పేరెన్నికగన్న కంపెనీ. హ్యూస్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే విమాన సంస్థలో పుట్టింది. ఒకే ఏడాదిలో ఇనుప తాళపు చరిత్రా రేడియో కార్డు భవిష్యత్తూ ఒకే కంపెనీ ఖాతాలో పడ్డాయి.

తాళం కంప్యూటరయ్యాక హాబ్స్‌లు మళ్లీ పుట్టారు.

2003లో బెర్లిన్ హోటల్లో ఒక కంప్యూటర్ భద్రతా నిపుణుడి ల్యాప్‌టాప్ గదిలోంచి మాయమైంది. తలుపు మీద గీత లేదు. ఎలక్ట్రానిక్ తాళపు చిట్టాలో ఎవరూ వచ్చిన గుర్తు లేదు. హోటలు వాళ్లు నమ్మలేదు. ల్యాప్‌టాప్ పోగొట్టుకున్నవాడి స్నేహితులు, ఫిన్లాండ్ సంస్థ ఎఫ్-సెక్యూర్‌కు చెందిన టోమి టూమినెన్, టిమో హిర్వొనెన్, ఏళ్ల తరబడి దాన్ని వెంటాడారు. చివరికి 2018లో లోకానికి చెప్పారు: ఆ రకం తాళాలున్న హోటల్లో ఏదో ఒక కార్డు దొరికితే చాలు, అది చెల్లని పాతదైనా సరే, దాన్నుంచి ఆ హోటల్లోని అన్ని గదులూ తెరిచే కార్డు తయారు చెయ్యవచ్చు. ఆ తాళం పేరు వింగ్‌కార్డ్, యజమాని అస్సా అబ్లాయ్. పరిశోధకులు ముందే కంపెనీకి చెప్పి, ఏడాదిపాటు కలిసి పనిచేసి, సరిదిద్దిన సాఫ్ట్‌వేర్ వచ్చాకే బయటపెట్టారు. 1818 నాటి ఇనుప స్ప్రింగు యజమానికి చెప్పగలిగిన ముక్కను, ఎవరో వచ్చి వెళ్లారన్న ముక్కను, ఇన్ని సర్క్యూట్లున్న తాళం చెప్పలేకపోయింది. నాకిది ఇంకా మింగుడుపడదు.

2012లో జరిగింది ఇంకా కటువైన ఉదాహరణ. కోడీ బ్రోషియస్ అనే యువకుడు లాస్ వేగాస్‌లో జరిగిన కంప్యూటర్ భద్రతా సభలో, 50 డాలర్ల లోపు పరికరంతో ఓనిటీ హోటల్ తాళాలను తెరిచి చూపించాడు. తాళం అడుగున ఉన్న చిన్న సాకెట్లో పిన్ను పెడితే చాలు. అప్పట్లో లక్షలాది గదుల తలుపుల మీద ఆ తాళాలుండేవి. అతను కంపెనీకి ముందుగా చెప్పలేదు. అది తప్పేనని నేననుకుంటాను. కొద్ది నెలల్లోనే టెక్సస్ హోటల్లో ఆ పద్ధతితో దొంగతనాలు జరిగాయి. కంపెనీ మొదట ఏమంది? ఆ రంధ్రం మూసే బిళ్ల ఉచితంగా ఇస్తామంది. లోపలి బోర్డు మార్చాలంటే ఖర్చు హోటళ్లదేనంది. ఓనిటీ యజమాని అప్పట్లో యునైటెడ్ టెక్నాలజీస్, చబ్‌ను కొన్న ఆ సంస్థే. తర్వాత కారియర్‌కు, 2024 జూన్‌లో 495 కోట్ల డాలర్ల బేరంలో లెనెల్ఎస్2 అనే మరో సంస్థతో కలిపి హనీవెల్‌కు చేరింది. కారియర్, హనీవెల్ రెండింటికీ హైదరాబాదులో ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. ఇవాళ తలుపుల సాఫ్ట్‌వేర్ రాసే పని మనకు దూరంగా ఎక్కడో జరుగుతున్నది కాదు.

కంపెనీలు కలిసిపోతే తాళాలు మెరుగుపడతాయన్న వాదన అబద్ధం కాదు. పెద్ద సంస్థకు పరిశోధనకు డబ్బుంటుంది, లోపం తెలిస్తే దిద్దే మనుషులుంటారు. రెండో పక్క కూడా చూడాలి. వుల్వర్‌హాంప్టన్‌లో ఒక తాళం బలహీనత తేలితే ఆ రకం కొన్నవాళ్లు మార్చుకునేవారు. పది కంపెనీలు ఒకటైతే ఒకే లోపం పది దేశాల తలుపుల్లో ఉంటుంది. ఆ లోపం నాటి యజమాని అప్పటికి లాభం పుచ్చుకుని వెళ్లిపోయి ఉంటాడు. కొన్నవాడికి అది పాత ఖాతా.

డార్మాకాబా ఉదంతం దీన్నే చూపిస్తుంది. 2015లో జర్మనీ డార్మా, స్విట్జర్లాండ్ కాబా కలిసి ఏర్పడిన సంస్థ ఇది. సాఫ్‌లాక్ హోటల్ తాళాలు కాబా పక్క నుంచి వచ్చాయి. 2022 సెప్టెంబర్‌లో కొందరు పరిశోధకులు వాటిలోని లోపాన్ని కంపెనీకి చెప్పి, ఏడాదిన్నర ఆగి, 2024 మార్చిలో వెల్లడించారు. రెండు కార్డులు తయారుచేసి ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది. 131 దేశాల్లో, 13,000కు పైగా హోటళ్లలో, 30 లక్షలకు పైగా తలుపులకు అప్పట్లో ఈ తాళాలుండేవి. ఫోన్లో సాఫ్ట్‌వేర్ మార్చినట్టు వీటిని మార్చడం కుదరదు. మనిషి పరికరం పట్టుకుని ప్రతి తలుపు దగ్గరకూ వెళ్లాలి, లేదా తాళమే మార్చాలి. కార్డులన్నీ కొత్తవి ఇవ్వాలి. కార్డు రాసే యంత్రాలు, రిసెప్షన్‌లోని సాఫ్ట్‌వేర్, దానికి ముడిపడిన లిఫ్టులూ పార్కింగు గేట్లూ కూడా మార్చుకోవాలి. కంపెనీకి లోపం తెలిసిన ఏడాదిన్నరకు, 2024 మార్చి నాటికి, సరిచేసిన తలుపులు 36 శాతం.

(సశేషం)